చరవాణి ఇడ్లీ బండి

"ఇకమీదట భాష రాక ఏ బండీ ఆగదు" అని చిరువ్యాపార బహుభాషా సంస్థ చైర్మన్ కృష్ణారావు గారు మేడ్చల్‌లోని ఫంక్షన్ హాల్లో ప్రకటించారు. అయిదు భాషల్లో అచ్చయిన 'మీ బండి - మీ భాష' పుస్తకాన్ని ఆయన అయిదుసార్లు ఆవిష్కరించారు. భాషకో రిబ్బను, భాషకో శాలువా. శాలువాలన్నీ ఆయనకే. భాషల కోసం ఇంత బరువు మోసిన మనిషిని మన వైపు ఇంతవరకు ఎవరూ చూడలేదు.

శామీర్‌పేట చౌరస్తాలో ఇడ్లీ బండి పెట్టే ప్రిస్కిల్లా, పిల్లను చంకన వేసుకుని వెనక నిలబడి చప్పట్లు కొట్టింది. కొట్టక తప్పదు. పుస్తకంలో రాసిన రకం బండ్లే చౌరస్తాలో ఉంటాయట, మిగతావి లారీ ఎక్కుతాయట. పిల్ల పాలు, ఇంటి కిరాయి ఆ బండి మీదే నడుస్తున్నాయి.

ఇంటికొచ్చి పుస్తకం తెరిచింది. ఎనిమిదో తరగతిలోనే బడి ఆగినా తెలుగు తడుముకోకుండా చదువుతుంది. "చౌరస్తా నందు చరవాణి విక్రేతలకు మాత్రమే అనుమతి" అని ఉంది. మళ్లీ చదివింది. ఈసారి పైకి చదివింది. పిల్ల జడుసుకుని ఏడ్చింది.

పొద్దున్నే పక్కన చాయ్ బండి కుతుబుద్దీన్‌ను అడిగింది.

"చాచా, చరవాణి అంటే ఏంది? నీ ఉర్దూ పుస్తకంల ఏమున్నది?"

కుతుబుద్దీన్ కళ్లద్దాలు తుడుచుకుని చదివాడు. "మొబైల్ ఫోన్లు అమ్మేటోళ్లని ఉన్నది బిడ్డా."

"ఫోన్లా? పోయినేడు మనకిచ్చిన కార్డు మీద ఇంగ్లీషుల మొబైల్ వెండర్ అనే ఉండె గద! బండికి చక్రాలున్నయి, తిరుగుతది, గందుకే మొబైల్ అన్నరు గద!"

"గా తర్జుమా జేసినోనికి మొబైల్ అంటే ఫోనే యాదికొచ్చింది. పొద్దున చాయ్ దాగకుంట కూసున్నట్టున్నడు."

ప్రిస్కిల్లాకు నవ్వు రాలేదు. పిల్లనెత్తుకుని సంస్థ ఆఫీసుకు పోయింది. ప్రజలకు అందుబాటులో ఉండాలని ఆఫీసును మూడో అంతస్తులో పెట్టారు. 'లిఫ్టు పనిచేయదు' అన్న బోర్డు మాత్రం అయిదు భాషల్లోనూ తప్పుల్లేకుండా ఉంది.

భాషాధికారి సుధాకర్ గారు ఎంతో ఓపికగా విన్నారు.

"సార్, నాది ఇడ్లీ బండి. పుస్తకంల తప్పు వడ్డది."

"ఎన్ని భాషల్లో పడిందమ్మా?"

"అన్నిట్ల అట్లనే ఉన్నదంటున్నరు సార్."

"ఒక్క భాషలో ఉంటే తప్పమ్మా. అయిదు భాషల్లో ఉంటే పాలసీ."

"మరి నా బండి సంగతేంది సార్? లారీ వస్తదంట."

"బండి మీద ఒక ఫోన్ పెట్టు. పాలసీకి మనమే సర్దుకోవాలి, అది మనకోసమే కదా!"

మర్నాడు చట్నీ గిన్నె పక్కన స్టీలు పళ్లెంలో ప్రిస్కిల్లా ఫోన్ వెలసింది. పిల్ల విసిరికొట్టగా తెర పగిలిన ఫోన్ అది. ఒకటి అంకె ఉండే చోట ఎంత నొక్కినా పలకదు. కుతుబుద్దీన్ ఫోన్ చాయ్ గ్లాసుల నడుమ, మక్క కంకులామె ఫోన్ బొగ్గుల పక్కన కొలువుదీరాయి.

"అక్కా, ఫోనెంత?" అన్నాడు ఇడ్లీ కోసం ఆగిన ఒకాయన.

"అమ్మేది గాదన్నా. ఉంచేది."

ఆ శుక్రవారం చైర్మన్ గారు కెమెరాలతో వేంచేశారు. బండి బండికీ ఫోన్ చూసి ఆయన కళ్లు చెమర్చాయి. "చూశారా! పుస్తకం ఇలా వచ్చిందో లేదో, చౌరస్తా అంతా డిజిటల్ అయిపోయింది!" అన్నారు. ఆ ఆనందంలోనే ప్రిస్కిల్లా బండి దగ్గర ఒక ప్లేటు ఇడ్లీ తిన్నారు. చట్నీ బాగుందని ఇంకో ప్లేటు తిన్నారు. మూతి తుడుచుకుంటుండగా ఆయనకు చట్టం గుర్తుకొచ్చింది.

"అవునూ, ఫోన్ల బండి మీద ఇడ్లీలు అమ్మడానికి పర్మిషన్ ఉందా?"

సుధాకర్ గారు పుస్తకం తిరగేశారు. "లేదు సార్. అయిదు భాషల్లోనూ లేదు."

లారీ వచ్చింది. ఇడ్లీ పాత్ర ఎక్కింది, పొయ్యి ఎక్కింది, చట్నీ గిన్నె ఎక్కింది. వెనకే కుతుబుద్దీన్ చాయ్ కెటిల్ ఎక్కింది.

"సార్, మీరే గద సార్ ఫోన్ వెట్టుమన్నది!" ప్రిస్కిల్లా లారీకి అడ్డం పోయింది. "పొయ్యి లేకుంటే పిల్లకేం వెట్టాలె సార్?"

"నీ ఫోన్ ముట్టుకున్నామా అమ్మా? నీ బండి ముట్టుకున్నామా? ఇప్పుడు నువ్వు నూటికి నూరుపాళ్లూ చట్టబద్ధం. హాయిగా అమ్ముకో" అన్నారు సుధాకర్ గారు.

లారీ వెళ్లిపోయింది. ఖాళీ బండి మీద పళ్లెంలో ఫోన్ మోగింది.

"నమస్కారం. 'మీ బండి - మీ భాష' మీకు ఉపయోగపడిందా? తెలుగులో ఫిర్యాదు చేయుటకు ఒకటి, ఉర్దూలో చేయుటకు రెండు నొక్కండి."

ప్రిస్కిల్లా నొక్కింది. కొంగుతో తెర తుడిచి మళ్లీ నొక్కింది. పిల్ల కూడా వేలు పెట్టి నొక్కింది.

"రెండు నొక్కు బిడ్డా, ఉర్దూల నేను తిడ్త!" అని కుతుబుద్దీన్ అందుకునే లోపే ఫోన్ మళ్లీ మాట్లాడింది.

"మీరు ఏ అంకెనూ నొక్కలేదు. మీ సంతృప్తికి ధన్యవాదములు."