డాక్టరమ్మ కారు, వాహన ఉపసంఘం

మానవజాతి ఇంతవరకు తేల్చలేకపోయిన ప్రశ్నలలో అతి పెద్దది పాత కారును బాగు చేయించాలా, అమ్మేయాలా అన్నది. రాజ్యాలు ఎందుకు కూలాయో చెప్పే పుస్తకాలున్నాయి. చంద్రుడి మీదికి మనిషి ఎలా వెళ్ళాడో చూపించే పటాలున్నాయి. తుప్పు పట్టిన కారు దగ్గరికి వచ్చేసరికి మాత్రం లోకమంతా గడ్డం గోక్కుంటూ నిలబడిపోయింది. ఈ లోపాన్ని సరిదిద్దే బాధ్యతను పటాన్‌చెరు పక్కనున్న మా చిన్న క్రైస్తవ సంఘం తన నెత్తిన వేసుకుంది. (ఎవరూ అడగలేదు. గొప్ప పనులు అలాగే మొదలవుతాయి.)

ముందు కారు సంగతి చెప్పాలి. మా దవాఖానను నడిపిన విదేశీ డాక్టరమ్మ అరవై ఎనిమిదిలో వాళ్ళ దేశం వెళ్ళిపోతూ తన కారును సంఘానికి ఇచ్చింది. నర్సు సువార్తమ్మ కాన్పులకు ఊళ్ళు తిరగడానికి దీన్ని వాడండని అందరి ముందూ చెప్పింది. అందరం చప్పట్లు కొట్టాం. ఆమె విమానం ఎక్కిందో లేదో కారు స్టార్టు కావడం మానేసింది. తర్వాత తుప్పు మొదలైంది. అన్నిటికంటే ముందు కంపెనీ పేరున్న బిళ్ళే రాలిపోవడంతో అది ఏ కారో చెప్పగలిగినవాళ్ళు కూడా లేకుండా పోయారు.

సువార్తమ్మకు అప్పటికే యాభై దగ్గర పడ్డాయి. మోకాళ్ళు మాట వినేవి కావు. లక్డారం నుంచి కబురొస్తే సంచి భుజాన వేసుకుని నడిచేది, లేదంటే ఎద్దులబండి కోసం రోడ్డు మీద నిలబడేది. ఆ వానాకాలం ఒకసారి ఆమె వెళ్ళేసరికి ఆలస్యమైంది. తల్లి బతికింది, బిడ్డ దక్కలేదు. తిరిగొచ్చిన సువార్తమ్మ కాళ్ళ బురదైనా కడుక్కోకుండా సంఘ పెద్దల దగ్గరికి వెళ్ళి కారు బాగు చేయించమని అడిగింది. విషయం అత్యవసరమైనది కాబట్టి సంఘం ఏమాత్రం జాప్యం చేయకుండా ఒక ఉపసంఘం వేసింది.

వాహన ఉపసంఘానికి అధ్యక్షుడు దేవదానం గారు, రిటైరైన హెడ్మాస్టరు. జీవితమంతా గంట కొట్టించి బతికిన మనిషి కనుక గంట కొట్టనిదే ఏ పనీ మొదలుపెట్టరు. కోశాధికారి సుందర్‌రాజు, కొత్తగా లేచిన ఒక ఫ్యాక్టరీలో స్టోర్ కీపరు. మీటింగులు మా వరండాలో జరిగేవి. అందువల్ల నాకు వినే హక్కూ, టీ పోయించే బాధ్యతా సంక్రమించాయి. మాట్లాడే అధికారం లేదు.

మొదటి సమావేశంలో ప్రార్థన అయ్యాక, ఎజెండాలో 'మరమ్మతు లేక అమ్మకం' అని రాయాలా, 'అమ్మకం లేక మరమ్మతు' అని రాయాలా అన్న చర్చ వచ్చింది. ముందు రాసినదాని పట్ల పక్షపాతం చూపినట్లవుతుందని దేవదానం గారి భయం. ఓటింగు పెడితే చెరి సగం వచ్చాయి. (ఉపసంఘంలో ఉన్నది ఇద్దరే.) చివరికి ఒక మీటింగులో అలా, ఇంకో మీటింగులో ఇలా రాయాలని ఏకగ్రీవంగా తీర్మానించుకుని, సంతోషంగా బిస్కెట్లు తిన్నారు.

తర్వాత పటాన్‌చెరు చౌరస్తాలో లారీలు బాగుచేసే ఐలన్నను పిలిపించారు. ఐలన్న పాత ఇనుము కూడా కొంటాడు. బానెట్ ఎత్తి చూశాడు, టైరును కాలితో తన్నాడు, ఆ దెబ్బకు రాలిన తుప్పును మర్యాదగా పక్కకు జరిపాడు.

"బాగు చేయమంటే చేస్త సార్. అమ్ముతమంటే నేనే కొంట. నాకు రెండూ ఖుషీనే. ఏదో ఒకటి జల్దీ చెప్పుండ్రి" అన్నాడు.

ఒకే నోటితో రెండు మాటలా అని దేవదానం గారు నివ్వెరపోయారు. అప్పటికప్పుడు నియమావళి తయారైంది. బాగుచేసేవాడు కొనకూడదు. కొనేవాడు బాగుచేయకూడదు. నడవని కారును అమ్మితే సంఘం పరువు పోతుంది కాబట్టి అమ్మేముందు నడిపించి చూపాలి. నడిపించాలంటే బాగుచేయాలి. అమ్మబోయే కారు మీద సంఘం సొమ్ము తగలెయ్యకూడదు కాబట్టి, అమ్మే ఉద్దేశం లేదని తేలితేనే బాగుచేయాలి. అమ్మే ఉద్దేశం లేదని తేల్చాలంటే, ఒకసారి అమ్మకానికి పెట్టి ఎవరూ కొనలేదని రుజువు కావాలి. ఐలన్న ఇదంతా రెండుసార్లు విని, దండం పెట్టి, సైకిలెక్కి వెళ్ళిపోయాడు. సుందర్‌రాజు తన ఫ్యాక్టరీ నుంచి 'పెండింగ్' అని రాసిన ఎర్ర అట్టముక్క తెచ్చి కారు స్టీరింగుకు కట్టాడు. ఆ అట్ట తగిలించిన వస్తువును వాళ్ళ ఫ్యాక్టరీలో మేనేజరు కూడా ముట్టడట.

ఈ దశలో చరిత్ర మలుపు తిరిగింది. లక్డారం రైతు కిష్టప్ప కొడుకు పెళ్ళికి కారు కిరాయికి కావాలని వచ్చాడు. అది స్టార్టు కాదని సుందర్‌రాజు నిజాయితీగా చెప్పాడు.

"ఇస్టార్ట్ అయితే ఏం జేస్తం సార్" అన్నాడు కిష్టప్ప. "బారాత్‌ల కారు ఉరుకుతదా? బ్యాండోళ్ళ ఎన్కనే కదా పోవాలె. మావోళ్ళు తోస్తరు తియ్యుండ్రి."

ఇందులో ఎంత గొప్ప సత్యం ఉందో ఆ ఊరేగింపులో తెలిసింది. బ్యాండు ఆగినచోట కారు ఆగింది, బ్యాండు కదిలితే కదిలింది. పొగ లేదు, పెట్రోలు లేదు. కింది రేకు తుప్పు పట్టి ఊడిపోయినందువల్ల పెళ్ళికొడుకు పాదాలు నేలకు తగిలి, కూర్చునే నడిచే సౌకర్యం కలిగింది. పైరేకు కన్నాల్లోంచి అక్షింతలు నేరుగా నెత్తిన పడ్డాయి. చూసినవాళ్ళందరికీ అలాంటి కారే కావాలనిపించింది.

అంతే, బుకింగులే బుకింగులు. హిందువులు, క్రైస్తవులు, సాయిబులు, ఫ్యాక్టరీల బిహారీ కూలీలు, అందరి బారాత్‌లకూ అదే కారు. వెళ్ళేటప్పుడు ఆడపెళ్ళివాళ్ళు, వచ్చేటప్పుడు మగపెళ్ళివాళ్ళు తోయాలని కొత్త ఆచారం వెలసింది. కుడిచేతి వెనక మూల పెద్ద బావమరిదిది. ఆ మూల దక్కలేదని ఒక చిన్న బావమరిది భోజనం మానేసి అలిగితే, అతని కోసం ముందు బంపరుకు తాడు కట్టారు. పోతిరెడ్డిపల్లి నుంచి కూడా పిలుపొచ్చింది. అంత దూరం తోసేవాళ్ళు సద్ది కట్టుకుని ముందురోజే బయల్దేరి వెళ్ళారు. దారిలో బస్సులోంచి చూసినవాళ్ళు ఏదో ఉద్యమం అనుకుని జేజేలు పలికారట.

ఇక ఉపసంఘానికి పట్టపగ్గాల్లేవు. తోపుడు పర్యవేక్షకుడనే పదవి పుట్టింది. కారు మరీ బరువుగా ఉందని తోసేవాళ్ళ నుంచి ఫిర్యాదులు రాగా, విచారణలో బరువంతా ఇంజనుదేనని తేలింది. దాన్ని ఊడదీసి సండే స్కూలు గదిలో బెంచీ కింద పెట్టారు. ఇంజను లేని కారులో ఇంజను లోపం ఉండే అవకాశం లేదు కాబట్టి కారు ఇప్పుడు పూర్తి ఆరోగ్యంగా ఉందనీ, మరమ్మతు ప్రశ్నే తలెత్తదనీ తీర్మానించారు. ఇంత ఆరోగ్యమైన కారును అమ్మడం బుద్ధితక్కువ పని అని మరో తీర్మానం. పక్కవాళ్ళు పరిగెత్తుకొచ్చేంతగా నవ్వాను. తర్వాత నా మీద నాకే కోపం వచ్చింది.

ఎందుకంటే ఆరోజే సువార్తమ్మ మా వరండా మెట్లెక్కి వచ్చింది. ఎక్కడానికి గోడ పట్టుకుంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"కాన్పు మీ మీటింగు కోసం ఆగదు సార్" అంది దేవదానం గారితో. "బాగు చేయకుంటే అమ్ముండ్రి. ఆ పైసలతోని ఒక రిక్షానన్న పెట్టియ్యుండ్రి. రెండూ కాదంటే నేనెట్ల పోవాలె? నా కాళ్ళు నడిసినంత సేపు ఆ తల్లి ఓర్సుకోవాల్నా?"

దేవదానం గారు చెడ్డవారు కారు. ఆయన కళ్ళు చెమర్చాయి కూడా. కళ్ళజోడు తుడుచుకుని, ఆమె కోరిక న్యాయమైనదని ఒప్పుకుని, రాబోయే ఏడాదిలో జరగబోయే కాన్పుల తేదీలూ వేళలూ ముందుగా తెలియజేస్తే పెళ్ళిళ్ళకు అడ్డం రాకుండా కారును కేటాయిస్తామని హామీ ఇచ్చారు. తోసేవాళ్ళను మాత్రం గర్భిణి తరఫువాళ్ళే తెచ్చుకోవాలన్నారు. సువార్తమ్మ సంచి సర్దుకుని మెట్లు దిగింది. నేను టీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాను.

డెబ్బై ఆరులో ఆమె రిటైరైంది. ఆమె సేవలు మరువలేనివని సంఘానికి ఆఖరి రోజున గుర్తొచ్చి, ఘనంగా ఊరేగింపు సన్మానం పెట్టింది. ఎవరి కోసం డాక్టరమ్మ కారు ఇచ్చిందో ఆమె అందులో ఎక్కడం అదే మొదటిసారి. మెడలో బంతిపూల దండ, భుజాన శాలువా, ఒళ్ళో ఎప్పటి సంచి. తలుపులు ఊడిపోకుండా బయట నుంచి తీగతో బిగించారు. ముందు బ్యాండు, వెనక తోపుడు పర్యవేక్షకుడు, చుట్టూ మేమంతా. సువార్తమ్మ రేకు లేని చోట పాదాలు ఆనించి, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా తన వంతు నడుస్తూ కూర్చుంది.

మార్కెట్ దగ్గర లక్డారం పెద్దరాములు సైకిలు మీద ఎదురొచ్చాడు. చెమటలు కారిపోతున్నాయి. కిటికీ పట్టుకుని, కోడలికి పొద్దటి నుంచి నొప్పులనీ, బిడ్డ అడ్డం తిరిగిందంటున్నారనీ చెప్పాడు. జెర జల్దీ రమ్మన్నాడు.

సువార్తమ్మ కారు ఆపమంది. బ్యాండు మోతలో తోసేవాళ్ళకు వినపడలేదు. వినపడిన దేవదానం గారు, ఊరేగింపు చర్చి ముందు తప్ప మధ్యలో ఆగడానికి తీర్మానంలో వీలు లేదనీ, ఇంకెంతో దూరం లేదనీ నచ్చజెప్పబోయారు. ఆమె తీగ విప్పమంది. తీగ విప్పే అధికారం పర్యవేక్షకుడిది. ఆయన వెనక ఉన్నాడు.

అప్పుడు సువార్తమ్మ దండ తీసి పక్క సీటు మీద పెట్టింది. శాలువా మడిచి దాని మీద పెట్టింది. ఒక కాలెత్తి తలుపును ఒక్క తన్ను తన్నింది. ఏళ్ళ తరబడి చర్చల్లో నానిన ఆ తలుపు తీగతో సహా ఊడి రోడ్డు మీద పడింది. ఆమె దాన్ని దాటుకుని దిగి, సంచి చంకన పెట్టుకుని, పెద్దరాములు సైకిలు వెనక కూర్చుంది. సైకిలు బ్యాండును దాటిపోయింది. బ్యాండువాళ్ళు అది కూడా కార్యక్రమంలో భాగమేమోనని ఇంకాస్త గట్టిగా వాయించారు. నేను చప్పట్లు కొట్టాను. ఒక్కణ్ణే.

ఊరేగింపు ఆగలేదు. దండనూ శాలువానూ కూర్చోబెట్టుకుని కారు చర్చి దాకా వెళ్ళింది. అక్కడ ఉపన్యాసాలు జరిగాయి. సన్మానం ఎలాంటి అంతరాయమూ లేకుండా ముగిసిందని సుందర్‌రాజు మినిట్స్‌లో రాసుకున్నాడు. తలుపును బాగు చేయించాలా, విడిగా అమ్మేయాలా తేల్చడానికి తలుపు ఉపసంఘం వేశారు.

సాయంత్రానికి లక్డారంలో ఆడపిల్ల పుట్టిందనీ, తల్లీ బిడ్డా క్షేమమనీ కబురొచ్చింది. అది కూడా మినిట్స్‌లో రాయమని అడిగాను. దేవదానం గారు బాగా ఆలోచించి, చాలా సంతోషమే గాని కాన్పుకూ ఈ కారుకూ ఏమీ సంబంధం లేదన్నారు.