ఎండ బదిలీ

ఆ దక్షిణ అమెరికా రేవు నగరంలో ఒకరి ఎండను ఇంకొకరి పేరున బదిలీ చేయడం ఇంటిపన్ను కట్టడమంత మామూలు వ్యవహారం. కొండ మీది బంగళాల వాళ్ళు పొద్దున్నే తమ వంతు ఎండ వదిలించుకుని, మధ్యాహ్నానికి స్వెట్టర్లు తొడుక్కుంటారు. వదిలిన ఎండ గాలిలో కలిసిపోదు కదా, ఎవరో ఒకరు మోయాలి. రేవులో అరటిగెలలు ఎత్తే కూలీలు మోస్తారు. వాళ్ళు చాలకపోయిన రోజున నగరపాలక సంస్థ యాత్రికుల వైపు చూస్తుంది.

కుర్రా నాగభూషణం, ఆయన భార్య సుబ్బాయమ్మ పల్నాడులోని రెంటచింతల నుంచి ఒక యాత్రా బృందంతో అక్కడ దిగారు. ఆయన సిమెంటు ఫ్యాక్టరీలో బట్టీ దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. ప్రయాణం మాత్రం ఆవిడ ముచ్చట. ఆ ఊరి నదికి సముద్రపు పోటు తగిలితే నీళ్ళు వెనక్కి తిరిగి ఎగువకు నడుస్తాయని ఆవిడ ఎక్కడో చదివింది. పడవలో కూర్చుని అది చూడాలని నోరు తెరిచి అడిగింది. అంతకుముందు ఆవిడ ఏదైనా అడిగినట్టు ఆయనకు గుర్తు లేదు. పోటు ఆ మధ్యాహ్నమే. మర్నాడు పొద్దున్నే తిరుగు ప్రయాణం.

రేవు గేటు దగ్గర స్వెట్టరు వేసుకున్న ఒక ఉద్యోగిని వచ్చినవాళ్ళందరినీ ఒకటే ప్రశ్న అడుగుతోంది. బృందాన్ని తీసుకొచ్చిన గైడు ఫణి తెలుగులో చెప్పాడు. "తమ ఊరి ఎండ ఎట్లా ఉందని అడుగుతోంది బాబాయ్."

మిగతా వాళ్ళు అబ్బో అని విసురుకున్నారు. ఎండ మాటెత్తితే రెంటచింతల మనిషి ఊరుకుంటాడా?

"ఇదీ ఒక ఎండేనా? మాకాడ రోహిణి కార్తెకి రోళ్ళు పగులుతయ్యి. ఇట్టాంటియి పదిమందియి ఇచ్చినా మోస్తానని చెప్పవయ్యా" అన్నాడు నాగభూషణం.

ఫణి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఉద్యోగిని గౌరవంగా తల వంచి ఒక ముద్ర వేసింది. పదిమంది ఎండ ఆయన పేరుకు మారింది.

గేటు దాటేసరికి ఆయన చొక్కా కాలరు ఇస్త్రీపెట్టె పెట్టి మరిచిపోయిన గుడ్డలా మాడింది. పార్కులో చెట్ల మీద పడుకున్న ఉడుముల్లాంటి పెద్ద బల్లులు దిగివచ్చి, వెచ్చదనం కోసం ఆయన చుట్టూ చేరాయి. కొబ్బరిబోండాలమ్మే ఆవిడ కాయ కొట్టిచ్చింది. నోటిదాకా వచ్చేసరికి నీళ్ళు కాగిపోయాయి. ఆవిడ తన గొడుగు ఆయన మీదికి వంచి, తాను ఎండలో నిలబడింది. ఆ నగరంలో ఆయనకు జరిగిన ఉపకారం అదొక్కటే. పడవ మీద కాలు పెట్టగానే చెక్క పొగలు కక్కింది. పడవవాడు మర్యాదగా కిందికి దించాడు.

"ఇంత అన్యాయమా? పద, ఆఫీసుకి పోదాం" అన్నాడు నాగభూషణం.

ఎండ బదిలీల కార్యాలయంలో చల్లగా ఉంది. అధికారి ఆయన ఫిర్యాదు ఓపిగ్గా విని జవాబు చెబుతుంటే, ఫణి తెలుగు చేశాడు.

"మోస్తానని మీరే అన్నారటగా."

"మాటవరసకి అన్నా. ఊరి మీద అభిమానంతో అన్నా. దానికే నెత్తిన పెడతారా?"

"మోయగలిగినవాడి మీద కాక మోయలేనివాడి మీద పెడతామా? ఇందులో అన్యాయం ఎక్కడుంది అంటున్నాడు బాబాయ్."

"కొండ మీదోళ్ళు మోయలేరా? వాళ్ళకేం, ఒళ్ళు లేదా?"

"వాళ్ళు మోయలేమని పొద్దున్నే చెబుతారంట. మీరూ చెప్పొచ్చంట. నలుగురిలో గట్టిగా అనాలి, అంతే."

బృందమంతా గుమ్మంలో నిలబడి చూస్తోంది. అందులో ముగ్గురు మాచర్ల వాళ్ళు. బట్టీ ముందు ముప్పై ఏళ్ళు నిలబడ్డ మనిషి అనకూడని మాట అది. పోటు వేళ దగ్గరపడుతోంది. చివరికి నాగభూషణం గోడకేసి చూస్తూ, "నా వల్ల కాదు" అన్నాడు.

"ఆఁ, రెంటచింతల కూడా చల్లబడిందే" అన్నాడు మాచర్ల ఆయన.

అధికారి కాగితం తిప్పి రెండో నిబంధన చదివాడు. మోయలేనన్నవాడి ఎండ, అదే ఇంట్లో ఏనాడూ మోయలేనని అనని మనిషికి చెందుతుంది. అధికారి సుబ్బాయమ్మ వైపు తిరిగి ఏదో అడిగాడు.

"ఎండగా ఉందా అని అడుగుతున్నాడు పిన్నిగారూ" అన్నాడు ఫణి. తరవాత గొంతు తగ్గించి, "చూసుకుని చెప్పండి" అన్నాడు.

నలభై ఏళ్ళుగా ఎవరు ఏమడిగినా ఆవిడ చెప్పే జవాబు ఒకటే. ఆలోచించేలోపే అది బయటికొచ్చింది.

"పర్లేదండీ."

ముద్ర పడింది. నాగభూషణం ఒళ్ళు ఒక్కసారిగా చల్లబడింది. పదిమంది ఎండ కదా, అంతా ఒకే మనిషి మీద వేయడం దారుణమని ఆయన బల్ల గుద్దబోయాడు. గంటలుగా ఎరగని చల్లగాలి మెడకు తగిలింది. ఎత్తిన చెయ్యి మెల్లగా జేబులోకి పోయింది. గుమ్మంలో వాళ్ళెవరికీ ఇది వింతగా అనిపించలేదు. మాచర్ల ఆయన భార్య ఒక్కతే సుబ్బాయమ్మ ముఖం చూసి, చూపు తిప్పుకుంది.

"పడవ పోతది, నువ్వన్నా చూసి రా. ఎట్టా తిరిగిందో నాకు చెబుదువుగాని" అంది సుబ్బాయమ్మ.

ఆవిడ ఒడ్డున సిమెంటు బల్ల మీద కూర్చుంది. ఆయన పడవెక్కాడు. నది కాసేపు ఎటూ కదలకుండా ఆగింది. ఆకులూ నాచూ నిలబడిపోయాయి. తరవాత అంత నీరూ, ఎవరో పిలిచినట్టు వెనక్కి తిరిగి నడవసాగింది. ఇంతా చూసి, ఇదంతా ఆవిడకు ఎలా చెప్పాలా అనుకున్నాడు నాగభూషణం. గాలి పెరిగింది. ఒడ్డు ఇంకా దగ్గర్లోనే ఉంది.

"ఇదిగో, చలిగా ఉందే. సంచిలో శాలువా ఉంటే ఇటు విసురు" అని కేకేశాడు.

ఆవిడ లేచి, వెతికి, విసిరింది. ఆయన కప్పుకున్నాడు. శాలువా వెచ్చగా, హాయిగా ఉంది.