ఇనుము లేని రాజ్యం

ఆ పొద్దు మబ్బులు డోన్ దిక్కు నుంచి వచ్చాయి. ఊరి మీద కాసేపు నిలబడి, బేరం కుదరని వాళ్ల మాదిరి మహానంది వైపు వెళ్లిపోయాయి. ఇరవై నాలుగు రోజులుగా ఇదే వరస. జయపాల్ గడపలో నిలబడి వాటిని సాగనంపి, తువ్వాలు తలకు చుట్టుకున్నాడు.

అతడు బేతంచెర్లలో బండలు పాలిష్ పట్టే పనికి పోతాడు. ఆ రోజు సెలవు పెట్టాడు. ఎకరన్నర ఉల్లి గడ్డ ఊరే దశలో ఉంది, నేల నెర్రెలిచ్చింది. శ్రీనివాసులు, జయపాల్, మారెన్న, ముగ్గురికీ ఒకే బోరు. వంతుకు ఒక రోజు. స్టార్టర్ డబ్బాలో పెట్టే ఫీజు ఎవరింట్లో ఉంటే నీళ్ల వంతు వాళ్లది. వంతు తీరగానే దాన్ని పీకి తర్వాతి వాళ్లకు ఇవ్వాలి. కాగితాలు లేవు, సంతకాలు లేవు. పదకొండేళ్లుగా ఆ పింగాణీ ముక్కే చట్టం. నిన్న శ్రీనివాసులు వంతు, ఈ రోజు జయపాల్‌ది. ఇది తప్పితే మళ్లీ మూడు రోజులకు. అంతవరకు ఉల్లి బతకదు.

ఎనిమిదికి ఫీజు తెచ్చుకోవాలి, తొమ్మిదికి కరెంటు రాగానే మోటారు వేయాలి. ఇంతే అతడి ఆలోచన. సరిగ్గా గడప దాటబోతుంటే ఫోను మోగింది. మనిషి కాదు, ఆట.

ముగ్గురూ ఎండాకాలం నుంచి ఫోన్లలో రాజ్యాల ఆట ఆడుతున్నారు. అదీ వంతుల ఆటే. ఊళ్లు కట్టాలి, దండు పెంచాలి. దండుకు కావలసిన ఇనుమూ గుర్రాలూ ఎవరి నేలలో పడితే వాళ్లవి. లేనివాడు ఉన్నవాణ్ణి అడగాలి. ఇచ్చిపుచ్చుకోవడానికి మాత్రం వంతు అక్కర్లేదు, ఎప్పుడైనా ఇవ్వచ్చు. జయపాల్ రాజ్యంలో గుర్రాలున్నాయి, ఏనుగులున్నాయి, రాళ్లు లెక్కలేనన్ని ఉన్నాయి. ఇనుము మాత్రం ఒక్క మేకుకు సరిపడా కూడా లేదు. ఇనుమంతా శ్రీనివాసులు దగ్గర ఉంది. మారెన్నకు దేవుడు ఉప్పు తప్ప ఏమీ ఇవ్వలేదు.

ముందురోజు సాయంత్రం టీ అంగడి దగ్గర దీని మీదే మాట పెరిగింది.

"నాలుగు గుర్రాలియ్యప్పా," అన్నాడు శ్రీనివాసులు.

"ఇనుమియ్యన్నా, ఇస్తా."

"ఇనుమిస్తే కత్తులు చేసుకొని నా మీదికే వస్తావు."

"గుర్రాలిస్తే ఎక్కి యాడికి పోతావు నువ్వు, మహానంది తిరనాళ్లకా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. శ్రీనివాసులు సగం టీ అట్లాగే వదిలేసి లేచిపోయాడు.

ఇప్పుడు ఆట పిలుస్తోంది, ఫోనులో చార్జింగు లేదు. జయపాల్ దాన్ని గోడకు తగిలించి భార్యను పిలిచాడు. "ప్రేమా, కింద పచ్చది ఉండాది చూడు, అది నొక్కితే నా వంతు అయిపోతాది."

"ఏమన్నా అడిగితే?" అంది ప్రేమజ్యోతి.

"అదేమడుగుతాది? నొక్కు."

శ్రీనివాసులు ఇంటి తలుపు మూసి ఉంది. మోటారు సైకిల్ లేదు. నిన్నటి టీ గుర్తుకొచ్చి, పిలవడానికి జయపాల్‌కు నోరు రాలేదు. ఎదురింటి అరుగు మీద మారెన్న పళ్లు తోముకుంటున్నాడు.

"యాడికి పోయినాడన్నా?"

"బేతంచెర్లకు. వసారాకు బండలు తెచ్చేకి."

"ఫీజు?"

మారెన్న నోట్లో నీళ్లు పుక్కిలించి నిదానంగా ఉమ్మాడు. "నిన్న గుర్రాలియ్యనంటివి కదప్పా."

ఆ ఒక్క మాటతో జయపాల్‌కు అంతా అర్థమైపోయింది. శ్రీనివాసులు ఫీజు జేబులో వేసుకొని పోయాడు. ఆటలో కోపం బోరు మీద తీర్చుకుంటున్నాడు. ఇద్దరూ మారెన్న బండి మీద బేతంచెర్లకు బయలుదేరారు.

దారిలో మారెన్న జేబులో ఫోను వరుసగా మోగసాగింది. బండి ఆపి చూశాడు. ఎవరు ఎవరికి ఏమిచ్చినా ముగ్గురికీ తెలిసేట్టు చాటింపు వేస్తుంది ఆ ఆట. జయపాల్ రాజ్యం శ్రీనివాసులు రాజ్యానికి నాలుగు గుర్రాలు ఇచ్చింది. శ్రీనివాసులు రాజ్యం జయపాల్ రాజ్యానికి ఆరు ఇనుము ఇచ్చింది. జయపాల్ రాజ్యం రాళ్లు ఇచ్చింది. శ్రీనివాసులు రాజ్యం మళ్లీ ఇనుము ఇచ్చింది.

మారెన్న వెనక్కి తిరిగాడు. "ఏందప్పా ఇది?"

"నాకేం తెలుసన్నా? ఫోను ఇంట్లో ఉండాది."

"ఫోను ఇంట్లో ఉంటే గుర్రాలు వాటికవే నడిచిపోయినాయా?"

"ప్రేమ ఏదో నొక్కి ఉంటాది."

"మరి ఆయప్ప ఇనుమెందుకిస్తాడు? మూడు నెల్లు అడిగినా మేకు ముక్కైనా ఇయ్యనోడు? మీరిద్దరూ ఒకటై, పోట్లాడినట్టు నాటకమాడి నన్ను తొక్కాలని చూస్తాండారు. దిగు."

"మారెన్నా..."

"దిగప్పా. నువ్వు నా శత్రుదేశం."

క్వారీ వ్యర్థాలు గుట్టగా పోసిన చోట జయపాల్‌ను దించి మారెన్న వెనక్కి వెళ్లిపోయాడు. ఎండలో ఒంటరిగా నిలబడితే జయపాల్‌కు ఇంకొక సంగతి తోచింది. ఇది పరిహారం! శ్రీనివాసులు నీళ్లు ఆపేశాడు కాబట్టి, నోరు మూయించడానికి ఇనుము పడేస్తున్నాడు. ఆటలో ఇనుము ఇచ్చి పొలంలో ఉల్లి ఎండబెడతాడా? బండల లారీ ఒకటి ఎక్కించుకుంది. పైన కూర్చున్నందుకు తల నుంచి కాళ్ల దాకా తెల్లగా దుమ్ము కొట్టుకొని దిగాడు.

శ్రీనివాసులు బండల అంగడిలో ఒక్కో బండనూ వేలితో కొట్టి, చెవి పెట్టి వింటున్నాడు. జయపాల్ తిన్నగా పోయి అతడి చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు. ఒక దువ్వెన, వసారా కొలతలు రాసిన చీటీ వచ్చాయి. పక్కన హమాలీలు పని ఆపి చూశారు.

"ఫీజు యాడ?"

శ్రీనివాసులు ముఖం నల్లబడింది. "ఇంట్లో గూట్లో ఉండాది. జయపాల్ వస్తాడు, ఇయ్యమని లచ్చిమికి చెప్పే వచ్చినా."

"తలుపు మూసి ఉండె."

"మూస్తే కొట్టేకి చెయ్యి లేదా? జేబులో పెట్టేకి మాత్రం ఉండాదా?"

"మరి ఆ ఇనుమేంది? నీళ్లకు బదులా?"

"ఏం ఇనుము? బండలు తగిలి పగులుతాదని ఫోను ఇంట్లో పెట్టి వచ్చినా." శ్రీనివాసులు దువ్వెన లాక్కున్నాడు. "పదకొండేండ్లు ఒక బోరు నీళ్లు తాగితిమి జయపాలూ. నా జేబు వెతికితివి. ఈ పొద్దుతో సరి. బోరు పంచుకుందాం."

బోరును ఎట్లా పంచుకుంటారో ఇద్దరికీ తెలియదు. అయినా ఇద్దరూ తలూపారు.

పదకొండున్నర దాటింది. ఉన్నది ఒకే బండి. మధ్యలో జానెడు ఎడం పెట్టుకొని కూర్చున్నారు. జయపాల్‌కు కోపం దారిలోనే ఆరిపోయింది. మిగిలింది భయం. తలుపు కొట్టి ఉంటే సరిపోయేది. ఉల్లి పోయింది, బోరు పోయింది, అన్న పోయాడు.

పొలం కనిపించక ముందే నీళ్ల చప్పుడు వినిపించింది.

మోటారు ఆడుతోంది. సగం మళ్లు నల్లగా తడిసి ఉన్నాయి. ప్రేమజ్యోతి, శ్రీనివాసులు భార్య లక్ష్మీదేవమ్మ మోకాళ్ల దాకా చీరలు ఎగదోపుకొని, చెరొక పార పట్టుకొని మళ్లకు నీళ్లు మళ్లిస్తున్నారు.

"వదినా, ఫీజు..." అన్నాడు జయపాల్.

"పొద్దున ఎనుమును పిండుతా వెనక కొట్టంలో ఉంటి. ఎవరన్నా పిలిస్తే కదా?" అంది లక్ష్మీదేవమ్మ. "పని అయినాక చూస్తే ఈయప్ప ఫోను ఒకటే మొత్తుకుంటాండె. గుర్రాలు లేవు, జయపాల్‌ను అడగాల్నా అని. సరే, అడుగు అంటి. నీ పెళ్లాం నాలుగు పంపె."

"గడపలోకి వచ్చి అడిగినోళ్లను ఉత్త చేతుల్తో పంపుతామా?" అంది ప్రేమజ్యోతి.

"పంపిన గిన్నె ఖాళీగా తిరిగి ఇస్తామా? నేను ఇనుము పంపితి. ఆయమ్మ రాళ్లు పంపె. నేను మళ్లీ ఇనుము పంపితి. ఆయమ్మ ఏనుగులు పంపె." లక్ష్మీదేవమ్మ పార మీద చేతులు ఆనించింది. "చూస్తే మా పెట్టెలో ఇంకేమీ లేకపోయె. ఏనుగులకు బదులు ఏమియ్యాల? గూట్లో ఫీజు కనపడె. తీసుకొని నేనే వచ్చేసినా. ఉత్త ఫీజిస్తే ఏనుగులకు చాలదని పార కూడా తెచ్చినా."

జయపాల్ వంగి కాలువలో చెయ్యి పెట్టాడు. నీళ్లు చల్లగా వేళ్ల మధ్య నుంచి పారాయి.

"అన్నా," అన్నాడు చివరికి, లేవకుండానే. "జేబు..."

"నీ గుర్రాలు నా దొడ్లో ఉండాయంట కదా," అన్నాడు శ్రీనివాసులు. "సరిపాయె పో." చెప్పులు గట్టు మీద విడిచి, భార్య చేతిలో పార అందుకున్నాడు.

ఆఖరి మడి తడిసేసరికి రెండైంది. ప్రేమజ్యోతి సంగటి గంప దించింది. ముద్దలు, ఊరుబిండి పచ్చడి, ఉల్లిపాయలు. అప్పుడే గట్టు మీద మారెన్న కనిపించాడు, చేతిలో పెరుగు ముంతతో. ఎవరి ముఖమూ చూడకుండా ముంత మధ్యలో పెట్టాడు.

"నాక్కూడా రెండేనుగులు వచ్చినాయి," అన్నాడు.

"ఒగ ఇంటికి మాత్రం ఇయ్యకుంటే బాగుండదని," అంది ప్రేమజ్యోతి. కళ్లు మూసుకుంది. "ప్రభువా, ఇచ్చిన నీళ్లకు, ఇచ్చిన చేతులకు స్తోత్రం." లక్ష్మీదేవమ్మ కూడా చేతులు జోడించింది.

తడిసిన మట్టి వాసనలో ఐదుగురూ తిన్నారు. ముగ్గురు రాజులూ అంతసేపు ఒకరి మీద ఒకరు యుద్ధం ప్రకటించకుండా కూర్చోవడం అదే మొదటిసారి.