సున్నా కంటే తక్కువ నది

ఆ రోజు ఆవిరి సారు పెట్టుకున్న పని చిన్నదే. ఆఫీసు డాబా మీది తొట్టిలో నిన్నటి నుంచి ఎన్ని నీళ్ళు ఆవిరయ్యాయో కొలవాలి. ఎండలు ఇలాగే ముదిరితే ముప్పై ఏళ్ళకు నదిలో ఎంత నీరు పారుతుందో లెక్కకట్టి, పదకొండింటికి డైరెక్టరు మేడమ్ ముందు పెట్టాలి. ఏళ్ళ తరబడి ఆయన చేస్తున్నది అదే, ఆ పేరూ అందుకే వచ్చింది.

రోజూ ఆరు మిల్లీమీటర్లు తగ్గే తొట్టి ఇరవై నాలుగు తగ్గింది. సారు స్కేలు తుడిచి మళ్ళీ కొలిచారు. ఇరవై నాలుగే. ఆ అంకెను కంప్యూటరుకిస్తే, నది ప్రవాహం సున్నా కంటే తక్కువని తేలింది.

అప్పుడే భార్య ఫోన్ చేసింది. "ఏమండీ, దుప్పట్లు ఇవాళ నానబెట్టనా, రేపా?"

"దుప్పట్లేమిటే, నది ఎండిపోతుంటే!"

"అయ్యో! ఎప్పటికండీ?"

"ఇంకో ముప్పై..."

తర్వాతి మాట వినకుండానే ఆవిడ ఫోన్ పెట్టేసింది. ముప్పై రోజులని అక్కకు చెప్పింది. అక్క తోడికోడలికి చెప్పేసరికి అవి గంటలయ్యాయి. వీధి చివరికి చేరేసరికి ముప్పై నిమిషాలే మిగిలాయి. ఊళ్ళో కుళాయిలన్నీ ఒక్కసారే తిరిగాయి. బిందెలు, బకెట్లు నిండాక కుక్కర్లు, పిల్లల టిఫిన్ డబ్బాలు కూడా నిండాయి.

పదిన్నరకు మేడమ్ ఫోన్. "ఏమండీ, పంపుహౌసు దగ్గర నది జానెడు దిగిపోయిందట! ఏం జరుగుతోంది?"

సారు మళ్ళీ కొలుద్దామని డాబా మీదికి పరిగెత్తారు. అక్కడ తోటమాలి తొట్టిలో బకెట్ ముంచుతున్నాడు.

"నిన్న కూడా తీశావా?"

"రెండు బకెట్లే సార్. ఇక్కడి కుళాయి పాడైంది. ఈ నీళ్ళు ఎవరూ వాడట్లేదు కదా అని కుండీలకు పోశాను."

సారు మేడమ్ గదికి వెళ్ళి నిజం ఒప్పుకున్నారు. ఉద్యోగం ఊడినట్టేననుకుంటూ నిలబడ్డారు. మేడమ్ కళ్ళజోడు తీశారు.

"మొక్కలు తాగినా ఆకుల్లోంచి ఆవిరయ్యేవేగా?"

"అవును మేడమ్."

"మరింకేం, ఆవిరి ఆవిరే, దారే వేరు. వెళ్ళి ఆరు వేసి మళ్ళీ కట్టండి."

ఆరు వేస్తే నది బతికింది. ముప్పై ఏళ్ళకు ఐదో వంతు తగ్గుతుందంతే. సారు ఊపిరి పీల్చుకుని ఇంటికి ఫోన్ చేశారు.

"భయం లేదే, నది ఉంది!"

"ఉంటే ఏం లాభమండీ? మన కుళాయిలో చుక్క రావట్లేదు. అందరికీ ఫోన్లు చేస్తూ నేను పట్టుకోవడమే మర్చిపోయాను!"

సాయంత్రం సారు ఖాళీ బకెట్‌తో పక్కింటి తలుపు తట్టారు. పక్కింటాయన సగం నింపి, నీళ్ళు పొదుపుగా వాడుకోవాలని ఆయనకే సలహా ఇచ్చారు.