నాలుగు వందల డాలర్ల లోపు కమిషనర్ గారి పిస్టల్

టాల్‌మన్ కౌంటీ ప్రజలకు శుభవార్త. మన కమిషనర్ వెండెల్ స్ట్రిక్‌లర్ గారు పిస్టల్ కొనబోతున్నారు.

ఈ సంగతి ఆయన సోమవారం కోర్టు హౌస్ మెట్ల మీద నిలబడి ప్రకటించారు. మా వారపత్రిక తరఫున నేను, ఎండ కాచుకోవడానికి వచ్చిన రెండు కుక్కలు హాజరయ్యాం.

"నా జీవితంలో మొదటి సెమీ ఆటోమేటిక్ పిస్టల్! మన కౌంటీలోనే కొంటాను. నాలుగు వందల డాలర్లకు ఒక్క సెంటు మించను. పొదుపంటే ఏంటో, పారదర్శకత అంటే ఏంటో జనం లైవ్‌లో చూస్తారు!" అన్నారాయన. ఒక కుక్క లేచి వెళ్ళిపోయింది.

ఆయుధం పట్టే హక్కు గురించి ఆయన పన్నెండేళ్ళుగా ప్రసంగిస్తున్నారు. అన్నాళ్ళూ ఆయన పట్టింది మైకు ఒక్కటే. ఈ సంగతి ఎన్నికల్లో ఆయన ప్రత్యర్థి లెనోరా మాడీకి ఎలా తెలిసిందో తెలిసింది. ఆవిడ స్కూలు బస్సు నడుపుతుంది, ఏటా తన జింకను తనే వేటాడి తెచ్చుకుంటుంది. ఫైర్ స్టేషన్ వాళ్ళ బీన్స్ విందులో గరిటె పట్టుకుని, "ఆయన దగ్గర తుపాకీ లేదు. ఆయన మనవాడే కాదు" అనేసింది. మన వెస్ట్ వర్జీనియాలో ఎన్నిక ఓడిపోవడానికి ఆ మాట చాలు. పోలింగ్ వచ్చే మంగళవారమే.

కమిషనర్ గారి సేవలను మాత్రం తక్కువ చేయకూడదు. కౌంటీలో మిగతా రోడ్ల గుంతలు పాతవి కాబట్టి వాటిని వారసత్వ సంపదగా కాపాడుతున్నారు. నది దాటి పక్క రాష్ట్రం ఒహైయో వెళ్ళే వంతెనకు మాత్రం రాష్ట్రం వెంటపడి మూడుసార్లు కొత్త తారు వేయించారు. రోజూ సాయంత్రం నాలుగింటికి స్వయంగా కారేసుకుని అటువైపు తనిఖీకి వెళతారు. మర్నాడు పొద్దున్నే ఇటువైపు తనిఖీ చేస్తూ వస్తారు. ఆదివారాలు కూడా మానరు. ఇంత శ్రద్ధ ఉన్న నాయకుణ్ణి నేను చూడలేదు.

బుధవారం మధ్యాహ్నం మూడింటికి ఒపాల్ కట్‌లిప్ గారి తుపాకుల దుకాణానికి వెళ్ళాం. ఫోను పట్టుకుని లైవ్ తీస్తున్నది కమిషనర్ గారి భార్య తమ్ముడు రస్టీ. ప్రచార నిర్వహణ అంతా అతనిదే.

డెబ్బై మూడేళ్ళ ఒపాల్ గారు అప్పటికే ఒకాయన్ని వెనక్కి పంపిస్తోంది.

"నది అవతలివాడివి నాయనా. రైఫిలైతే ఇవ్వచ్చు, పిస్టల్ కుదరదు. సొంత రాష్ట్రం వాళ్ళకే అమ్మాలని ఫెడరల్ రూలు. మీ ఒహైయోలోనే కొనుక్కో."

"ఇంత దూరం వచ్చాక వెళ్ళమంటావా?" అని గొణిగి, ఆ ఒహైయో ఆసామి కౌంటర్ మీది పెప్పరోని రోల్, అంటే మాంసం ముక్కలు కూరిన బన్ను, ఒకటి కొని మాకు వీపు పెట్టి మూలన తింటూ కూర్చున్నాడు.

కమిషనర్ గారు వెంటనే ఫోను వైపు తిరిగారు. "చూశారా? చట్టమంటే చట్టమే! అవతలి ఒడ్డు వాళ్ళకు మన కౌంటీలో పనేంటి?"

"బాగా చెప్పావ్ బావా," అన్నాడు రస్టీ.

ఎంపిక మొదలైంది. కమిషనర్ గారు అన్నిటికంటే పెద్దదాన్ని చూపించారు. "అది దూరం నుంచి ఫోటోలో బాగా పడుతుందా?"

"అది ఎనిమిది వందలు. పైగా నీ చేతికి పట్టదు," అంది ఒపాల్ గారు. "పోలీసులు కొత్తవి తీసుకుని ఇచ్చేసిన పాతదొకటుంది, తొమ్మిది ఎం.ఎం. రెండు వందల డెబ్బై. మిగిలిన డబ్బుతో గుళ్ళు కొను, తాళం పెట్టె కొను, శనివారం క్లాసులో చేరు. మొదటి తుపాకీకి అదీ పద్ధతి."

"క్లాసా? నేనే ఈ విషయం మీద వందల క్లాసులు పీకాను కదండీ!"

"అయితే పైభాగం వెనక్కి లాగి చూపించు."

కమిషనర్ గారు లాగారు. రాలేదు. కోటు విప్పి లాగారు. ముఖం టమాటా రంగుకు తిరిగింది గానీ పిస్టల్ కదల్లేదు.

"ఇందులో నిర్మాణ లోపం ఉంది. కమిటీ వేయాలి," అన్నారు.

కీళ్ళనొప్పులతో వంకర తిరిగిన వేళ్ళతో ఒపాల్ గారు దాన్ని టక్కున లాగి, లోపల ఖాళీగా ఉందని చూపించి ఇచ్చింది. ఆయన ఫోటో కోసం దాన్ని నేరుగా రస్టీ మీదికి గురిపెట్టి నవ్వారు. ఆవిడ ఆయన మణికట్టు పట్టుకుని గొట్టాన్ని నేలకు తిప్పింది.

"ఖాళీదైనా సరే, మనిషి మీదికి తిప్పకూడదు. మా దుకాణంలో ఆరేళ్ళ పిల్లకి కూడా తెలుసు ఈ మాట."

"జనం కోసం తెలియనట్టు నటించాను," అన్నారు కమిషనర్ గారు. ఆ సమయస్ఫూర్తికి నాకు చప్పట్లు కొట్టాలనిపించింది.

రెండు వందల డెబ్బైది ఖాయమైంది. ఒపాల్ గారు ఫారం ముందు పెట్టింది. పేరు ధారాళంగా రాశారు. దాని కింద ఇంటి చిరునామా గడి దగ్గర కలం ఆగింది. అది వదిలేసి కిందికి వెళ్ళారు.

"ఈ ఆయుధం మీ కోసమే కొంటున్నారా అని ఫారంలో అడుగుతున్నారు. కాదు! ప్రజల కోసం!"

"అట్లా రాస్తే అమ్మలేను. వేరేవాళ్ళ కోసం కొనడం నేరం."

"సరే, నా కోసమే," అని టిక్కు పెట్టారు. తన కోసం ఏదైనా చేసుకున్నట్టు ఆయన ఒప్పుకోవడం పన్నెండేళ్ళలో ఇదే మొదటిసారి.

"చిరునామా రాయలేదు," అంది ఒపాల్ గారు.

"కోర్టు హౌస్ అని రాసేసుకోండి. నేనెప్పుడూ ప్రజల మధ్యే ఉంటాను కదా."

"రాత్రి పడుకునే ఇల్లు రాయాలి. అబద్ధం రాస్తే జైలని కింద ఉంది, చదువు. డ్రైవింగ్ లైసెన్స్ కూడా ఇవ్వు, చిరునామా సరిచూడాలి."

కమిషనర్ గారు ఆ వాక్యం రెండుసార్లు చదివారు. ఆయన ఒక కాగితాన్ని సంతకానికి ముందు చదవడం అంతవరకూ నేనెప్పుడూ చూడలేదు.

"లైసెన్స్ ఇంట్లో మరిచిపోయాను."

"ఏ ఇంట్లో బావా?" అన్నాడు రస్టీ.

ఫోనులో చూసేవాళ్ళ లెక్క నాలుగు వందలు దాటింది.

"మరిచిపోలేదులే, కారులో ఉంటే నేనే తెచ్చా," అని రస్టీ జేబులోంచి కార్డు తీశాడు. పారదర్శకత కోసం ముందు కెమెరాకు దగ్గరగా పెట్టి చూపించి, తర్వాత ఒపాల్ గారికిచ్చాడు. "పొదుపు సంగతి చెప్పు బావా! నది అవతల లైసెన్స్ తీసుకుంటే కారు ఇన్సూరెన్స్ సగానికి సగం తగ్గిందని చెప్పు. జనానికి పనికొస్తుంది."

ఒపాల్ గారు కళ్ళద్దాలు సవరించుకుని కార్డు చదివింది. దాన్ని ఫారం మీద పెట్టి రెండూ కమిషనర్ గారి వైపు జరిపింది. పిస్టల్‌ను అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసింది. తర్వాత మూలకు తిరిగింది.

"ఏం నాయనా, తినడం అయిందా? వెళుతూ వెళుతూ ఈయన్ని కూడా తీసుకుపో. మీ వైపు దుకాణం ఎక్కడుందో చూపించు."

ఒహైయో ఆసామి మూతి తుడుచుకుని లేచాడు. కమిషనర్ గారిని తేరిపార చూశాడు.

"వెండెల్! నువ్వా? మీ చెత్త డబ్బా రెండు రోజులుగా మా వాకిట్లోనే ఉందయ్యా!"

నేను గోడ గడియారం చూశాను. సరిగ్గా నాలుగైంది. కమిషనర్ గారు కోటు తొడుక్కుని వంతెన తనిఖీకి బయల్దేరారు.