పచ్చబట్టల శుక్రవారం

ఆ శుక్రవారం ఉదయం వీరాంజనేయులు వేసుకున్న పథకం చాలా చిన్నది. గిరిజ ఆఫీసు నుంచి తిరిగొచ్చేదాకా మూడు నెలల కూతురు దేదీప్యను పడేయకుండా, ఆకలికి మాడ్చకుండా, వీలైతే ఏడిపించకుండా చూసుకోవడం. అంతే. పురిటి సెలవు అయిపోయి గిరిజ మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళే మొదటి రోజు అది. "నువ్వు నిశ్చింతగా వెళ్ళు. నీకు ఒక్క ఫోన్ కూడా చెయ్యను" అని భార్యకు మాటిచ్చాడు. ఆ మాట ఇస్తున్నప్పుడు తన గుండె దడదడలాడుతోందన్న సంగతి మాత్రం ఆమెకు చెప్పలేదు.

భయానికి కారణం లేకపోలేదు. పుట్టిన మూడోనాడే పాపకు కామెర్లు వచ్చాయి. కళ్ళకు గంతలు కట్టి, నీలం దీపాల కింద అద్దాల పెట్టెలో పడుకోబెట్టారు. ఆ పెట్టె పక్కన కూర్చుని అతను మొక్కని దేవుడు లేడు. ఇంటికి పంపేటప్పుడు నర్సు ఒక మాట చెప్పింది: పచ్చదనం మొహం దగ్గర మొదలై కిందికి దిగుతుంది, పాదాలదాకా వచ్చిందంటే తేలిగ్గా తీసుకోకూడదు, మళ్ళీ ఎప్పుడు కనిపించినా వెంటనే రండి. పాప ఆ తర్వాత పూర్తిగా కోలుకుంది కానీ, ఆ మాట మాత్రం అతని బుర్రలోంచి పోలేదు.

అసలే వీరాంజనేయులు సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఇతరులు చేసిన పనిలో తప్పులు వెతికిపెట్టినందుకే అమెరికాలోని మోరిస్‌విల్‌లో అతనికి జీతం ఇస్తున్నారు. ఇంట్లోనూ అదే వరస. పాప బట్ట ఏదైనా సరే, ముందు తన చెంపకేసి రుద్దుకుని గరుకు లేదని తేలాకే ఆమెకు తొడిగేవాడు. మెడ దగ్గర గీరుకుంటుందని లేబుళ్ళు కత్తిరించేవాడు. టిచ్ బటన్లు ఊడి నోట్లోకి పోతాయేమోనని ఒక్కొక్కటీ లాగి చూసేవాడు. "పెళ్ళిచూపుల్లో మా పిల్లనైనా అల్లుడుగారు ఇంత పరీక్షగా చూడలేదు" అని అత్తగారు వసంతలక్ష్మి నవ్వేది.

ఈ మూడు నెలలూ దేదీప్య పాతబట్టల్లోనే పెరిగింది. పురిటి పిల్లకు పాతబట్టే మంచిదని వసంతలక్ష్మి తన నేతచీరలు చింపి, కాకినాడలోనే జుబ్బాలు కుట్టుకుని తెచ్చింది. బేబీ షవర్‌లో గిరిజ ఆఫీసువాళ్ళు ఇచ్చిన కొత్తబట్టల పెట్టె అలమరాలోనే ఉండిపోయింది. పుట్టబోయేది ఎవరో ముందే తెలుసుకోనని గిరిజ పట్టుబట్టడంతో, ఆడపిల్లకైనా మగపిల్లాడికైనా పనికొస్తాయని వాళ్ళందరూ కూడబలుక్కున్నట్టు పసుపుపచ్చ బట్టలే ఇచ్చారు. ఇప్పుడు జుబ్బాలు పొట్టివైపోయాయి. శుక్రవారం మంచిరోజు కూడాను. కాబట్టి గురువారం సాయంత్రం ఆ పెట్టె తెరిచారు.

"కొత్తబట్టలకి పసుపు పెట్టకుండా వెయ్యకూడదు బాబూ. మూలకి చిటికెడు రాస్తాను" అంది వసంతలక్ష్మి.

"వద్దండీ అత్తయ్యగారూ. పాపది సెన్సిటివ్ స్కిన్. బేబీ డిటర్జెంట్‌తో వాష్ చేస్తే చాలు."

"ఈ రోజుల్లో పసుపేంటమ్మా, చాదస్తం కాకపోతే!" అని గిరిజ కూడా భర్త వైపే మాట్లాడింది.

అత్తగారు అంత తేలిగ్గా ఊరుకున్నందుకు అతను అనుమానపడవలసింది పోయి సంతోషపడ్డాడు. బట్టలు ఉతికి, ఆరబెట్టి, మడతలు పెట్టే పని తల్లీకూతుళ్ళిద్దరూ చూసుకున్నారు.

తెల్లవారి గిరిజ గుమ్మందాకా వెళ్ళి, వెనక్కొచ్చి పాపను ముద్దు పెట్టుకుని, మళ్ళీ వెళ్ళి, మళ్ళీ వచ్చి, చివరికి కళ్ళు తుడుచుకుంటూ కారెక్కింది. వసంతలక్ష్మి పక్క అపార్ట్‌మెంట్ లక్ష్మీకాంతంతో కలిసి గుడికి బయల్దేరింది. పోతూపోతూ, పిల్లకు జలుబు చేస్తుందని ఏసీ కట్టేసి, నెత్తిన టోపీ కూడా పెట్టి మరీ వెళ్ళింది. ఏప్రిల్ నెల కావడంతో పైన్ చెట్ల పుప్పొడి ఊరంతా రాలుతోంది. ఆ భయానికి కిటికీలన్నీ మూసే ఉన్నాయి. అప్పటికే వీరాంజనేయులు ముక్కు దిబ్బడేసి వారం దాటింది. కాఫీకీ కషాయానికీ తేడా తెలియడం లేదు.

మెడనుంచి పాదాలదాకా ఒకే ముక్కగా ఉన్న జిప్పు గౌను ఒకటి తీసి, చెంపకేసి గట్టిగా రుద్దుకుని, పాపకు తొడిగాడు. రంగు నిన్నటికన్నా నిగనిగలాడుతోంది. డిటర్జెంట్ మంచిదే అనుకున్నాడు.

కాసేపటికి దేదీప్య ఏడుపు లంకించుకుంది. పాలసీసా పెడితే నెట్టేసింది. ఎత్తుకుంటే ఒళ్ళంతా చెమట. టోపీ తీసి, జిప్పు కిందికి లాగిన వీరాంజనేయులు అక్కడే నిలబడిపోయాడు. పాప మెడ పచ్చగా ఉంది. ఛాతీ పచ్చగా ఉంది.

"అమ్మో!" అన్నాడు పైకే.

ఆ గౌను విప్పేసి ఇంకొకటి తీశాడు. ఎంత భయంలోనైనా అలవాటు అలవాటే. చెంపకేసి రుద్దుకుని మరీ వేశాడు. పాప ఇంకా ఏడ్చింది, ఇంకా చెమట పట్టింది. ఈసారి చూస్తే పొట్ట కూడా పచ్చబడింది. అది కూడా విప్పి మూడోది వేశాడు. పచ్చదనం మోకాళ్ళు దాటింది. చెప్పినట్టే కిందికి దిగుతోంది! "స్వామీ, నాకేమైనా ఫరవాలేదు, నా తల్లికేం కాకూడదు" అనుకుంటూ క్లినిక్‌కు ఫోన్ చేశాడు.

ఫోన్ ఎత్తిన నర్సు నెమ్మదస్తురాలు. కళ్ళలో తెల్లగుడ్డు ఎలా ఉందో చూడమంది. గుక్కపట్టిన పాప కళ్ళు తెరిస్తే కదా! సరే, ఛాతీ మీద వేలితో నొక్కి, తీసి, ఏ రంగు కనిపిస్తోందో చెప్పమంది.

"నొక్కానండీ. పచ్చగానే ఉంది."

"చర్మమేనా?"

"చర్మమూ పచ్చగానే ఉంది. నా వేలు కూడా పచ్చగానే ఉంది."

అది వినగానే నర్సు గొంతులో నెమ్మది తగ్గింది. ఇద్దర్నీ వెంటనే క్లినిక్‌కు రమ్మంది.

సరిగ్గా అప్పుడు తలుపు తట్టి లక్ష్మీకాంతం భర్త ధర్మారావు లోపలికొచ్చాడు. విద్యుత్ శాఖలో రిటైరై, కొడుకు దగ్గరికి చుట్టపుచూపుగా వచ్చిన మనిషి. భార్య గుడికి పోయింది కనుక కాఫీ ఇక్కడ దొరుకుతుందేమోనని ఆశ. నలభై ఏళ్ళ నశ్యం అలవాటు వల్ల ఆయన ముక్కు పుప్పొడి అవసరం లేకుండానే ఎప్పుడో పనిచేయడం మానేసింది.

"బాబాయిగారూ, పాపకి మళ్ళీ జాండిస్! ఒక్క నిమిషం ఎత్తుకోండి, బ్యాగ్ సర్దుకుంటాను" అని వీరాంజనేయులు పిల్లను ఆయన చేతుల్లో పెట్టాడు.

ధర్మారావు పాపను భుజాన వేసుకుని జోకొడుతూ అతని మొహంలోకి తేరిపార చూశాడు. "ఏమోయ్, నీ చెంప కూడా పచ్చగా ఉందేంటి?"

వీరాంజనేయులు అద్దం దగ్గరికి పరుగెత్తాడు. నిజమే! కుడిచెంప అంతా పచ్చగా మెరుస్తోంది.

"కామెర్లు అంటుకుంటాయా బాబాయిగారూ?"

"కొన్ని రకాలు అంటుకుంటాయి. మా సబ్‌స్టేషన్‌లో వరసపెట్టి ఆరుగురు పడ్డారు" అంటూ ధర్మారావు పాపను కిందికి దించి తన చేతులు చూసుకున్నాడు. చేతులు పచ్చగా ఉన్నాయి. లాల్చీ భుజం పచ్చగా ఉంది. ఆయన మొహం మాత్రం తెల్లగా పాలిపోయింది. "ఓరి నాయనో! నాక్కూడా వచ్చేసింది! నా ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో ఇది కవర్ అవుతుందంటావా?"

కారంతా పుప్పొడితో పచ్చగా ఉంది. వీరాంజనేయులు పాపను సీట్లో కట్టి, ధర్మారావును పక్కన ఎక్కించుకుని, బయల్దేరే ముందు ఇచ్చిన మాట తప్పి గిరిజకు ఫోన్ చేశాడు. మీటింగ్‌లో ఉందేమో, ఎత్తలేదు. మెసేజ్ పెట్టాడు: "గిరిజా, కంగారుపడకు. కంగారుపడాల్సిందేం లేదు. క్లినిక్‌కి వెళ్తున్నాం. ముగ్గురికీ వచ్చింది."

ఇంతకన్నా కంగారు పెట్టే మాట కనిపెట్టడం ఎవరి తరమూ కాదు.

క్లినిక్‌లో అతను పాప పేరు చెబుతూ ఉండగానే, వెనకనుంచి ధర్మారావు రెండు చేతులూ పైకెత్తి, తనకొచ్చిన ఇంగ్లీషులో గట్టిగా ప్రకటించాడు. "కంటేజియస్! ఆల్ త్రీ!"

కూర్చున్న తల్లులంతా పిల్లల్ని చంకనేసుకుని ఆ మూలకు సర్దుకున్నారు. ఎవరో ముగ్గురినీ గబగబా ఒక గదిలోకి తోసి తలుపు వేశారు. మొహానికి మాస్కు, చేతులకు తొడుగులు వేసుకున్న మనిషి లోపలికొచ్చి, వీళ్ళకూ మాస్కులిచ్చి, అంటరాని వాళ్ళని చూసినట్టు దూరంగా నిలబడి ప్రశ్నలడిగింది. ఈమధ్య ఇండియా వెళ్ళొచ్చారా? ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా? పాపతో ఎవరెవరు మెలిగారు? ఒక్కో ప్రశ్నకూ వీరాంజనేయులు ప్రాణం ఒక్కో మెట్టు దిగజారింది. పాప ఏడ్చి ఏడ్చి అతని ఛాతీ మీదే సొమ్మసిల్లినట్టు పడుకుంది. ఆ చిన్న వీపు మీద చెయ్యివేసి, ఊపిరి ఆడుతోందో లేదోనని మళ్ళీ మళ్ళీ చూసుకున్నాడు. అద్దాల పెట్టె, నీలం దీపాలు కళ్ళముందు కదిలాయి.

అంతలో తలుపు తోసుకుని గిరిజ వచ్చింది. దారిలో గుడి దగ్గర ఆగి తల్లిని కూడా ఎక్కించుకొచ్చింది. వసంతలక్ష్మి చేతిలో ప్రసాదం పొట్లం ఇంకా అలాగే ఉంది. "నా తల్లీ!" అంటూ గిరిజ పాపను లాక్కుని గుండెకు హత్తుకుంది. ఆమె తెల్ల చొక్కా కూడా పచ్చబడడం చూసి ధర్మారావు నెమ్మదిగా అన్నాడు. "నాలుగు."

వాళ్ళ వెనకే డాక్టరమ్మ వచ్చింది. పాపను బల్లమీద పడుకోబెట్టి, బట్టలు విప్పి, కనురెప్పలు ఎత్తి చూసింది. కళ్ళు మల్లెపూలలా తెల్లగా ఉన్నాయి. కాసేపు ఆలోచించి, తన మాస్కు కిందికి లాగి, పాపమీదికి వంగి గాలి పీల్చింది. ఆ తర్వాత ఒక తడి గుడ్డ తీసి పొట్టమీద తుడిచింది. పొట్ట గులాబీ రంగుకు వచ్చింది. గుడ్డ పచ్చబడింది.

"ఈ రంగేమిటో మీలో ఎవరికైనా తెలుసా?" అని అడిగింది.

బల్లమీద పడున్న గౌనును వసంతలక్ష్మి చేతిలోకి తీసుకుని వాసన చూసి, "పసుపు" అంది.

ఉదయంనుంచి పడ్డ భయమంతా వీరాంజనేయులుకు ఒక్కసారిగా కోపమైపోయింది. "అత్తయ్యగారూ! వద్దని చెప్పానా? చెప్పానా లేదా? నా మాటంటే లెక్కలేదా మీకు? పాప పోతుందేమోనని చచ్చి బతికానండీ! మీ చాదస్తం వల్ల..."

వసంతలక్ష్మి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నేను ముట్టుకోలేదు బాబూ. మీరు వద్దన్నాక ముట్టుకోలేదు" అంది.

"మరెవరు?"

"నేనేనండీ" అంది గిరిజ.

అందరూ ఆమెవైపు తిరిగారు. గిరిజ పాప పాదాన్ని పట్టుకుని, తలెత్తకుండా చెప్పింది. "మొదటిసారి వదిలేసి వెళ్తున్నా కదా. రాత్రి పడుకుంటే భయమేసింది. నేను లేనప్పుడు దిష్టి తగిలితే, ఏమైనా అయితే... అమ్మ చిటికెడంది గానీ, నాకు చిటికెడు చాలదనిపించింది. ఎలాగూ పచ్చబట్టలే, ఎవరికీ తెలీదులే అని, మీరంతా పడుకున్నాక మడతలు విప్పి బకెట్లో పసుపునీళ్ళలో నానబెట్టి, మళ్ళీ డ్రయ్యర్‌లో వేశా."

"ఎంత పోశావే?" అంది తల్లి.

"ప్యాకెట్."

"బాబు తిట్టినదానికేం గానీ, ఇంత పసుపు పోసే చాదస్తురాలిననుకున్నాడు చూడు, అదే నా బాధ" అంది వసంతలక్ష్మి.

ముందు ధర్మారావు నవ్వాడు. తనకు రోగం లేదని తేలిన ఆనందంలో ఆయన ఎంతసేపు నవ్వాడంటే, డాక్టరమ్మ ఆయన్నీ ఒకసారి పరీక్షించవలసి వచ్చింది. పాపకు కామెర్లు లేవు, ఉన్న బాధంతా ఉక్కపోతేనని ఆమె తేల్చింది. ఈ వేడిలో జిప్పులూ టోపీలూ ఎందుకు, పెద్దవాళ్ళు ఏ పాటి బట్ట కట్టుకుంటే పిల్లకూ అంతే చాలునంది. వసంతలక్ష్మి తన నేతచీర కొంగు కప్పితే, ఆ రోజు మొదటిసారిగా దేదీప్య బోసినవ్వు నవ్వింది. వీరాంజనేయులు అత్తగారి రెండు చేతులూ పట్టుకుని క్షమించమన్నాడు. "పిల్ల తండ్రికి ఆ మాత్రం భయం ఉండాలి బాబూ" అని ఆమె ప్రసాదం అతని చేతిలో పెట్టింది. ముక్కు దిబ్బడ వల్ల అది పులిహోరో చక్కెర పొంగలో అతనికి నోట్లో పెట్టుకున్నా తెలియలేదు.

శనివారం అతను స్వయంగా వెళ్ళి పల్చటి నూలు చొక్కాలు కొన్నాడు. పొట్టి చేతులవి, ముందు తెరుచుకునేవి, అన్నీ తెల్లవి. ఎవరేం పూసినా ఇట్టే కనిపించాలని అతని ఉద్దేశం. ఈ బట్టల జోలికి ఎవ్వరూ రాకూడదని ఇంట్లో గట్టిగా చెప్పాడు. ఎవ్వరూ రాలేదు కూడా.

సోమవారం పొద్దున గిరిజ ఆఫీసుకు తయారవుతోంది. వసంతలక్ష్మి స్నానంలో ఉంది. వీరాంజనేయులు ఒక తెల్లచొక్కా పట్టుకుని వంటింట్లోకి వచ్చి, అటూ ఇటూ చూసి, పోపుల పెట్టె తెరిచాడు. చొక్కా లోపలి మడతలో, ఎవరికీ కనపడని మూల, చిటికెడు పసుపు రాశాడు. ఆ తర్వాత ఎప్పటిలాగే బట్టను చెంపకేసి రుద్దుకున్నాడు. కుడిచెంప రంగు ఇంకా వదలనందువల్ల ఈసారి ఎడమది వాడాడు.