మేనేజరుగారి ఎలుకల వేట

పచ్చిక మేస్త్రీ ఆ ఉదయం వేసుకున్న పథకం సులువైనదే. గోల్ఫ్ మైదానంలో బంతిని గుంటలోకి దొర్లించే నున్నటి గ్రీన్ మీద ఏటా వసంతంలో యంత్రంతో వేల చిల్లులు పొడవాలి. వాటినిండా ఇసుక పోసి, చీపుళ్లతో కూరి, నీళ్లు పెడితే గడ్డి వేళ్లు హాయిగా ఊపిరి పీల్చుకుంటాయి. తెల్లారేసరికే చిల్లులు పొడిచేసి, ఇసుక పనికి కూలీల కోసం అతను ఊళ్లోకి వెళ్లాడు. గ్రీన్ పని ముగిస్తేనే సెలవన్నాడు కొత్త మేనేజరు. సాయంత్రం అయిదింటికి రైలు. ఆ రైలు దిగితే, మొన్ననే పుట్టిన మనవరాలు.

మేనేజరు వారం క్రితం దాకా హోటల్లో పనిచేశాడు. పచ్చదనమంటే ఆయనకు తెలిసింది పళ్లెం మీద చల్లే కొత్తిమీరే. తొమ్మిదింటికి కాఫీ కప్పుతో షికారుకొచ్చి గ్రీన్ చూశాడు. కప్పు జారిపోయింది.

"ఎలుకలు! వేలకు వేలు!"

క్లబ్బు సభ్యుడైన రిటైర్డ్ డాక్టరుగారు వంగి పరీక్షించారు. "కన్నాలు చిన్నవి. ఇవన్నీ పిల్లలవే. తల్లులు ఇంకా లోపలే ఉన్నాయి."

"అయితే బయటికి రాకుండా మూసేద్దాం, రండి!"

ఇసుక గుట్ట పక్కనే ఉంది. ఇరవై మంది సభ్యులు బకెట్లతో, టీ ట్రేలతో దాని మీద పడ్డారు. ఇంట్లో మంచినీళ్ల గ్లాసైనా ముంచుకోని లాయరుగారు మోకాళ్ల మీద పాకుతూ చీపురు పట్టారు.

"గట్టిగా కూరండి! తవ్వుకుని వచ్చేస్తాయి," అన్నారు డాక్టరుగారు.

"అలాగైతే నీళ్లు కూడా వదులుతా," అంటూ మేనేజరు పంపు గదిలోకి పరిగెత్తి, కనిపించిన మీటలన్నీ తిప్పేశాడు. స్ప్రింక్లర్లు ఒక్కసారిగా లేచి ఇరవై మందినీ నిలువునా తడిపాయి. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటారు గానీ, ఇక్కడ అసలు ఎలుకే లేకుండా కొండంత ఇసుక కదిలింది.

మధ్యాహ్నానికి మేస్త్రీ ఉసూరుమంటూ తిరిగొచ్చాడు. ఒక్క కూలీ దొరకలేదు. ఒంటిచేత్తో అయితే మూడు రోజుల పని. ఇంట్లో ఏం చెప్పాలా అనుకుంటూ గ్రీన్ దగ్గరికొచ్చి ఆగిపోయాడు. ప్రతి చిల్లులోనూ ఇసుక సమంగా దిగింది. నేలంతా చక్కగా నీళ్లు తాగింది. ముప్ఫై ఏళ్లలో తానైనా ఇంత శుభ్రంగా చేసిన పాపాన పోలేదు. అతనికి ఆనందంతో గంతులేయాలనిపించింది.

"చూశారా మేస్త్రీగారూ, అన్ని కన్నాల్లోంచీ ఒక్క ఎలుకా బయటికి రాలేదు!" అన్నాడు తడిసి ముద్దయిన మేనేజరు.

నిజం చెప్పాలని మేస్త్రీ నోరు తెరిచాడు. అంతలో జేబులో ఫోను మోగింది.

"ఏమండీ, వస్తున్నారా లేదా? సంచులు సర్దేశాను," అంది భార్య.

"వస్తున్నా, వస్తున్నా!" అనేసి ఫోను పెట్టేశాడు. "సార్, గ్రీన్ పని అయిపోయింది. మరి నా సెలవు..."

"వెళ్లిరండి. కానీ ఈ ఎలుకల సంగతి క్లబ్బు ప్రెసిడెంటుగారి చెవిన వేయకండి." మేనేజరు గొంతు తగ్గించాడు. "అవి మళ్లీ వస్తాయంటారా?"

"ఏటా వసంతంలో వస్తాయండీ," అన్నాడు మేస్త్రీ. "ఇసుక మాత్రం ముందే తెప్పించి ఉంచుతాను."